పాత ఆఫీసు క్లయింట్లు ఫోన్ చేస్తుంటే పని తీసుకోవచ్చా?

ఒకరు నాలుగేళ్లు ఒక సీఏ ఆఫీసులో చేసి వేరే ఆఫీసుకు మారారు. పాత క్లయింట్లు "మా ఫైలు మీరే చూడండి సార్" అంటున్నారు, ఒప్పుకుంటే తప్పా అని అడిగారు.

తప్పు కాదు. ఎవరితో పని చేయించుకోవాలన్నది క్లయింటు ఇష్టం. ఉద్యోగం మానేశాక పోటీ పని చేయకూడదనే షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు మామూలుగా నిలవదు. పాత క్లయింట్లను మీరుగా మీవైపు పిలవకూడదనే షరతు మాత్రం వేరు. సంతకం పెట్టిన ఆఫర్ లెటర్ తీసి ఆ లైను చదవండి.

వాళ్లు ఎలా వచ్చారన్నదే అసలు సంగతి. నోటీసు పీరియడ్‌లో ఉండగా "వచ్చే నెల నుంచి ఫలానా చోట ఉంటాను" అని ఒక్కొక్కరికీ వాట్సాప్ పెట్టారనుకోండి, పాత ఆఫీసు జీతం తింటూ దాని పనే మళ్లించినట్టు. పాత ఫీజు 8,000 అని తెలుసు కాబట్టి 7,000కి చేస్తాననడం కూడా అలాంటిదే. ఆ అంకె మీకు ఆ కుర్చీలో కూర్చున్నందుకే తెలిసింది.

పెన్‌డ్రైవ్‌లో టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) బ్యాకప్ తెచ్చుకోవద్దు. బిల్లులు, లెడ్జర్లు, వేసిన రిటర్నులు క్లయింటువి, వాటిని క్లయింటే అడిగి తెచ్చుకోవాలి. ఆడిట్ వర్కింగ్ పేపర్లు (ఆడిట్ చేస్తూ రాసుకున్న కాగితాలు) పాత ఆఫీసువి, క్లయింటు సరేనన్నా మీవి కావు.

ఆడిట్ పనైతే, టాక్స్ ఆడిట్‌తో సహా, ఒప్పుకునే ముందే మీ కొత్త సీఏ పాత ఆడిటరుకు రాతపూర్వకంగా తెలపాలి. అందినట్టు అక్నాలెడ్జ్‌మెంటు వచ్చేలా పోస్టులో పంపితే రుజువుంటుంది. వివాదం లేని ఆడిట్ ఫీజు బాకీ ఉంటే అది తీరేదాకా ఒప్పుకోకూడదు. కంపెనీ అయితే, గడువు మధ్యలో ఆడిటరును తీసేయాలంటే వాటాదారుల ప్రత్యేక తీర్మానం, దాంతోపాటు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఆయనే రాజీనామా చేస్తే 30 రోజుల్లో ఏడీటీ-3 (ఆడిటరు రాజీనామా తెలిపే ఫారం) వేస్తారు. ఆ కాగితం చూడకుండా మీ సీఏ సంతకం పెట్టకూడదు.

ఎక్కువగా ఇరుక్కునేది జీఎస్టీ దగ్గర. చాలా చిన్న షాపుల రిజిస్ట్రేషన్‌లో మొబైల్, మెయిల్ పాత ఆఫీసువే ఉంటాయి. ఓటీపీ అక్కడికే పోతుంది, రిటర్ను గడువు దాటుతుంది, లేటు ఫీజు షాపాయన కడతాడు. కాబట్టి మొదట లాగిన్ వివరాలు క్లయింటు చేతికి ఇప్పించి, ఆయన సొంత నంబరు, మెయిల్ పెట్టించండి. పాత ఆఫీసు ఇవ్వకపోతే ఆయన గుర్తింపు కాగితాలతో తన సర్కిల్ జీఎస్టీ అధికారిని కలిస్తే మార్చి ఇస్తారు. డిజిటల్ సంతకం టోకెన్ (పెన్‌డ్రైవ్ లాంటిది) కూడా ఆయనే తెచ్చుకోవాలి, మీ చేతికొస్తే తేదీ వేసి రసీదు ఇవ్వండి.