తరువాత వచ్చినవారిని ముందు చూడటం న్యాయమేనా?

ప్రశ్న: మా నాన్నగారు స్నానాలగదిలో జారిపడటంతో మణికట్టు విరిగింది. ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకువెళితే చాలాసేపు బయటే కూర్చోబెట్టారు. మా తరువాత వచ్చినాయన ఛాతీ బరువుగా ఉందని చెప్పగానే, నడవగలుగుతున్నా సరే, వెంటనే లోపలికి తీసుకుపోయారు. నొప్పితో విలవిల్లాడుతున్న పెద్దాయనకు ప్రాధాన్యం ఇవ్వనక్కరలేదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కన్నతండ్రి అల్లాడుతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో అర్థం చేసుకోగలను. అయినా, ఛాతీ బరువుగా ఉందన్న ఆయనను ముందుగా లోపలికి తీసుకోవడం సరైన పనేనని చెప్పక తప్పదు. ఎమర్జెన్సీలో ఎవరు ముందు వచ్చారు, ఎవరు గట్టిగా మూలుగుతున్నారు అన్నదానికంటే, ఆలస్యమైతే ఎవరికి తిరిగి పూడ్చలేని నష్టం కలుగుతుందన్నదే ప్రధానంగా చూస్తారు. ట్రయాజ్ అనే ఈ పద్ధతికి పునాది వేసినవారిలో నెపోలియన్ సైన్యపు శస్త్రవైద్యుడు డొమినిక్ లారే ముఖ్యుడు. గాయపడినవారిని హోదానుబట్టి కాక గాయం తీవ్రతనుబట్టి చూడాలని ఆయన పట్టుబట్టాడు.

ఛాతీలో బరువు ఉందన్నవారికి, వచ్చిన 10 నిమిషాల్లోపు ఈసీజీ తీసి వైద్యుడు చూడాలి. రక్తనాళం పూడుకుపోతే గుండె కండరం నిమిషనిమిషానికీ దెబ్బతింటూ ఉంటుంది. నడిచి వచ్చాడు కదా అని పక్కన కూర్చోబెడితే ఆ కుర్చీలోనే గుండె ఆగిపోవచ్చు. పక్షవాతంలోనూ అంతే, రక్తపుగడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. మణికట్టు ఎముకను సరిచేసి కట్టు వేయడం గంటా రెండు గంటలు ఆలస్యమైనా, చాలావరకు ఫలితంలో తేడా రాదు.

అలాగని మీ నాన్నగారిని పట్టించుకోకుండా వదిలేయడం ఎంతమాత్రం సమర్థనీయం కాదు. రాగానే ఒక నర్సు ఆయన వేళ్ల రంగు, వెచ్చదనం, స్పర్శ చూసి, ఉంగరం ఉంటే వాపు పెరగకముందే తీయించి, చేయి కదలకుండా బద్ద కట్టి, నొప్పికి మందు ఇప్పించి, ఆ తరువాతే వేచి ఉండమనాలి. మధ్యమధ్య మళ్లీ వచ్చి చూడాలి కూడా, ఎందుకంటే ఒకసారి నిర్ణయించిన వరుస శాశ్వతం కాదు: వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, ఎముక చర్మాన్ని చీల్చుకుని కనిపించినా ఆయన్నూ వెంటనే ముందుకు తీసుకోవలసిందే. ఇవేవీ చేయకుండా కూర్చోబెట్టి ఉంటే మీ ఫిర్యాదు న్యాయమైనదే.

గోడమీద ఎమర్జెన్సీ అని రాసినంత మాత్రాన ప్రాధాన్యం ఇచ్చినట్టు కాదు. అందుకోసం ఒక మంచాన్ని ఖాళీగా ఉంచాలి, ఈసీజీ యంత్రం చేతికందేలా ఉండాలి, చీటీ రాయించడం, డబ్బు కట్టించుకోవడం వంటివి చికిత్స మొదలయ్యాకే జరగాలి. ప్రమాదంలో గాయపడినవారికి పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా ముందు వైద్యం చేయడం, ప్రభుత్వ ఆస్పత్రిలోనివారైనా కాకపోయినా, ప్రతి వైద్యుడి బాధ్యత అని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టం చేసింది. ఎవరో పెద్దమనిషి ఫోను చేశారని చిన్న జ్వరంతో వచ్చినవారిని ముందు చూస్తే మాత్రం అది ప్రాధాన్యం కాదు, పక్షపాతం. దానిని నిలదీయడానికి మీరు వెనకాడనక్కరలేదు.

ఇకపై ఇలాంటి అవసరం వస్తే, మా వంతు ఎప్పుడని అడగడంతోపాటు, వచ్చినప్పటినుంచి రోగిలో ఏ మార్పు కనిపించినా వెంటనే నర్సుకు చెప్పి మళ్లీ పరీక్షించమని కోరండి.