కొల్లేటి పిల్ల కొల్లేటి ఉద్యోగం చేస్తానంటే భయమెందుకు?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర పల్లె. మా అమ్మాయి బీఎస్సీ (బోటనీ, జువాలజీ) ఆఖరి సంవత్సరం. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చేసి, చెరువులు, అభయారణ్యాల పర్యవేక్షణ చూసే ఉద్యోగానికి వెళ్తానంటోంది. మూడు నెలల ఈఎస్‌జీ (కంపెనీల పర్యావరణ, సామాజిక, పాలనా బాధ్యతలు) కోర్సు చేస్తే కార్పొరేట్ ఉద్యోగం ఖాయమని ఒక శిక్షణ సంస్థ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. రెండింటిలో ఏది మేలు? మా బంధువులందరికీ చేపల చెరువులున్నాయి. - ఒక తండ్రి

జవాబు: మీ అసలు బాధ ఆ చివరి వాక్యంలో ఉందండి. రేపు అమ్మాయి సంతకంతో మీ అన్నదమ్ముల చెరువుకు నోటీసు వస్తే, చుట్టాల్లో తలెత్తుకోవడం ఎలా అన్నదే మీ టెన్షన్. హైదరాబాద్ శివార్లలో చెరువు పక్కన ప్లాటు కొన్న తల్లిదండ్రులూ ఇదే అడుగుతుంటారు. అందుకే ముందు దాని గురించి మాట్లాడతాను.

2006లో కొల్లేరులో అక్రమ చేపల చెరువుల గట్లు పేల్చిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. 1999లోనే ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు అభయారణ్యమని జీవో వచ్చింది. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపూ వచ్చింది. అయినా తవ్వకాలు ఆగలేదు, ఆపాల్సినవాళ్లు చూస్తూ ఊరుకున్నారు. వ్యవహారం సుప్రీంకోర్టు కమిటీ దాకా వెళ్లాక, అప్పు చేసి చెరువులు తవ్వించిన చిన్న రైతులూ నిండా మునిగారు. పొక్లెయిన్ దిగిన రోజునే మండలంలో ఒక్కరు మ్యాపు పట్టుకుని వచ్చి అడ్డుపడి ఉంటే వాళ్లకు ఆ అప్పులే ఉండేవి కావు. మీ అమ్మాయి చేస్తానంటున్నది ఆ పనే. దాన్ని బంధువుల మీద పగలా చూడకండి.

పైగా ఏ ఒక్కరి సంతకంతోనూ గట్టు తెగదు. అభయారణ్యం లోపల వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖది బాధ్యత. బయట చేపల చెరువుకు అనుమతి కావాలంటే మత్స్యశాఖ, రెవెన్యూ, నీటిపారుదల వాళ్లు కలిసి చూస్తారు. సర్వే, నోటీసు, సంజాయిషీ, ఆ తర్వాతే ఉత్తర్వు. అసలు సొంత ఊళ్లోనే పోస్టింగ్ వస్తుందని మీకెవరు చెప్పారు?

ఇక ఆ ఈఎస్‌జీ కోర్సు. నాకు దాని మీద చాలా అనుమానాలున్నాయి. దేశంలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు ఏటా పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన నిబంధన 2022-23 నుంచి తప్పనిసరైంది. ఈ మోజంతా అక్కడి నుంచే. ఆ నివేదికలు రాసే పనికి కంపెనీలు ఎక్కువగా ఎంబీఏలను, సీఏలను, అనుభవమున్న ఇంజినీర్లను తీసుకుంటాయి. మూడు నెలల సర్టిఫికెట్ పట్టుకున్న బీఎస్సీ అమ్మాయి ఆ వరుసలో ఎక్కడ నిలబడుతుంది? ఉద్యోగం ఖాయమన్న సంస్థను, కిందటి బ్యాచ్‌లో ఎవరికి ఏ కంపెనీలో ఎంత జీతానికి వచ్చిందో కాగితం మీద రాసిమ్మనండి. ఇవ్వకపోతే ఒక్క రూపాయి కట్టకండి. అమ్మాయిని ఊరి గొడవలకు దూరంగా పంపేద్దామని ఈ కోర్సును అడ్డం పెట్టుకుంటున్నారేమో, మీరే ఆలోచించండి. అది ఆమెకు అన్యాయం. మూడేళ్లు ఇష్టపడి చదివిన పిల్లను ఎందుకు ఈ పని కోరుకుంటున్నావని ఒక్కసారైనా కూర్చోబెట్టి అడిగారా?

ఎమ్మెస్సీ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది, మంచిదే. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ పోస్టుకూ, ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకూ ఆమె బీఎస్సీయే సరిపోతుంది. కాలుష్య నియంత్రణ మండలిలో ఇంజినీరు పోస్టులకు బీటెక్ కావాలి, వాటి మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పండి. ప్రభుత్వ నోటిఫికేషన్లు ఆలస్యమవుతాయి, నిజమే. ఆ లోగా నాబెట్ (ఇలాంటి కన్సల్టెన్సీలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న కన్సల్టెన్సీల్లో పర్యావరణ ప్రభావ నివేదికల పని దొరుకుతుంది. మొదట్లో జీతం తక్కువే, కానీ ప్రాజెక్టు స్థలానికి వెళ్లడం, ప్రజాభిప్రాయ సేకరణలో జనం అడిగేది వినడం అక్కడే అలవాటవుతుంది. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఉచితం. ఈ వేసవిలోనే మొదలుపెట్టమనండి.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ, స్థానిక జీవజాతుల వివరాలుండే ఒక రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీ ఆఫీసుకు అమ్మాయితో పాటు మీరూ వెళ్లి దాన్ని చూపించమని అడగండి. తర్వాత మీ అన్నదమ్ముల చెరువులు ఐదో కాంటూరుకు లోపలున్నాయో బయటున్నాయో, సర్వే నంబర్లతో సహా ఆమెనే తేల్చి చెప్పమనండి.