నొక్కకముందే తెలియాలి

బుజ్జీ,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు నాలుగూ చూశాను. ఎరువుల కొట్టుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నానని నువ్వు చెప్పినప్పుడే చాలా సంతోషం వేసింది, పాతికేళ్లు నేను చేసిన పని అదే కదా. బాగుందమ్మా అని ఒక్క ముక్క రాసి ఊరుకోవచ్చు. కానీ తొలకరి పడ్డాక ఆ కొట్టు ముందు రైతులు ఎలా బారులు తీరతారో నీకు తెలుసు, ఆ టైంలో కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రాడికి ఎంత టెన్షన్ అనేది నీ బటన్లని బట్టే ఉంటుంది. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు ఆ బిల్లు రద్దు సంగతి. "ఈ బిల్లును రద్దు చేయాలా?" అని అడిగి, కింద "సరే", "రద్దు" అని రెండు బటన్లు పెట్టావు. ఓకే, క్యాన్సిల్ అనే వాటికి తెలుగు పెట్టావని అర్థమైంది. మరి బిల్లు రద్దు చేయాలనుకున్నవాడు ఏది నొక్కుతాడు? "రద్దు" అని ఉన్నదే నొక్కుతాడు. డైలాగ్ బాక్స్ మూసుకుపోతుంది, పనైపోయిందనుకుంటాడు, బిల్లు మాత్రం అక్కడే ఉంటుంది.

సరిగ్గా ఇదే తప్పు నేను ఒక మందుల షాపుకి రాసిన ప్రోగ్రాంలో చేశాను. మందులు వాపసు తీసుకుని డబ్బు తిరిగి ఇచ్చేసిన బిల్లులు కంప్యూటర్‌లో అలాగే ఉండిపోయాయి. రాత్రి షాపు కట్టేసేటప్పుడు గల్లాలో డబ్బుకీ కంప్యూటర్ లెక్కకీ పొంతన లేదు. ఆ తేడా తన జీతంలో కోస్తారేమోనని కౌంటర్ కుర్రాడు ఏడ్చేశాడు. మర్నాడు అతని పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటే గానీ నాకు విషయం తెలియలేదు. అతని తప్పు ఇసుమంత కూడా లేదు. బటన్లని "బిల్లు రద్దు చేయి", "బిల్లు ఉంచు" అని మార్చాక ఆ తేడా మళ్లీ రాలేదు. రద్దీలో పైన ఉన్న ప్రశ్న ఎవరూ చదవరు బుజ్జీ, బటన్ మీద మాట ఒక్కటే చూస్తారు. ఆ ఒక్క మాటతోనే, నొక్కకముందే, ఏం జరగబోతుందో వాళ్లకి తెలిసిపోవాలి.

ఇంకోటి, ప్రతిదానికీ "ఖచ్చితంగానా?" అని అడగకు. రోజుకి వందసార్లు అడిగితే చెయ్యి దానంతటదే ఎంటర్ కొట్టేస్తుంది, నిజంగా ఆగి చూడాల్సిన చోట కూడా ఆగదు. బిల్లులో ఒక వరస తీసేస్తే అడగొద్దు, కంట్రోల్ జెడ్ కొడితే వెనక్కి వచ్చేలా చెయ్యి. పూర్తయిన బిల్లు రద్దుకి మాత్రం అడుగు.

"నగదు", "అప్పు" అని రెండు చెక్‌బాక్సులు పెట్టావు, వాటిలో రెండింటికీ ఒకేసారి టిక్ పడిపోతుంది. రెండింట్లో ఒకటే ఎంచుకోవాలంటే రేడియో బటన్లు పెట్టాలని పుస్తకం చెబుతుంది. పాత కారు రేడియోల్లో ఒక మీట నొక్కితే అంతకుముందు నొక్కింది పైకి లేచేది, ఆ పేరు అక్కణ్నుంచే వచ్చింది. అయితే నన్నడిగితే ఇక్కడ అదీ వద్దు. రైతు సగం ఇప్పుడిచ్చి సగం పంటకిస్తానంటాడు, మన వైపు కొట్లలో జరిగేదే అది. "ఇచ్చింది" అని ఒక గడి పెట్టు, పక్కన "బాకీ" దానంతటదే లెక్కకట్టి చూపించు. ఏ బటన్, ఏ గడి పెట్టాలో తేల్చేది ఆ కొట్టులో జరిగే వ్యవహారమే.

అలాగే "పరిమాణం" అనే గడి. బస్తాలా, కిలోలా? యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50. కిలోలనుకుని 45 అని కొట్టాడంటే 45 బస్తాలకి బిల్లు వస్తుంది. గడి పక్కనే "బస్తాలు" అని రాసేయ్, సరిపోతుంది.

కీబోర్డ్ మీద ఇంకా శ్రద్ధ పెట్టాలి నువ్వు. విండోస్ పద్ధతిలో ట్యాబ్ కొడితే పక్క గడికి వెళ్తుంది, ఎంటర్ కొడితే ముఖ్యమైన బటన్ నొక్కినట్టవుతుంది. కానీ ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో చెయ్యి తిరిగినవాళ్లు ఎంటర్‌తోనే ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్తారు. వాళ్లు నీ స్క్రీన్‌లో పేరు కొట్టి ఎంటర్ నొక్కితే సగం బిల్లు సేవ్ అయిపోతుంది. నువ్వే వాళ్ల చేతికి తగ్గట్టు మారాలి.

తెలుగు అక్షరాల సంగతి నీ స్క్రీన్‌షాట్‌లోనే కనిపిస్తోంది, "మొత్తం" కింద తవత్తు తెగిపోయి "మొతం" అయింది. విండోస్‌లో మామూలు బటన్ ఎత్తు 23 పిక్సెళ్లు, అది ఇంగ్లిష్‌ అక్షరాలకి సరిపోయే కొలత. మనకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఎత్తు నువ్వు అంకె వేసి బిగించకు, అక్షరాన్ని బట్టి పెరగనివ్వు. "ఇక్ష్వాకు", "స్త్రీ" లాంటి మాటలు పెట్టి చూడు, ఎక్కడ తెగుతుందో తెలిసిపోతుంది. అన్నట్టు "భద్రపరుచు" తీసేయ్, ఆ కొట్టులో అందరూ సేవ్ అనే అంటారు.

"తొలగించు"ని "సేవ్"కి ఆనించి అదే సైజులో పెట్టావు, దూరంగా జరుపు. లక్ష్యం ఎంత పెద్దగా, ఎంత దగ్గరగా ఉంటే చెయ్యి అంత త్వరగా చేరుతుందని ఫిట్స్ అనే ఆయన 1954లోనే లెక్కకట్టి చూపించాడు, దగ్గరగా ఉంటే పొరపాటున తగిలేది కూడా అదే మరి. ప్రింట్ బటన్ నొక్కడానికి వీల్లేకుండా బూడిద రంగులో ఉన్నప్పుడు ఎందుకలా ఉందో పక్కనే రాయి, "రైతు పేరు రాయలేదు" అని.

ఈ మార్పులన్నీ చేశాక ఒక పూట కొట్టులో ఆ కుర్రాడి వెనకాల నిలబడు. ఏదీ నేర్పించకు, అతను ఆగిన ప్రతిచోటా కాగితం మీద రాసుకో. తర్వాత నాకు మళ్లీ స్క్రీన్‌షాట్లు పంపు, ఈసారి నీ కొత్త ల్యాప్‌టాప్ మీద తీసినవి కాదు, ఆ కొట్టులో ఉన్న పాత మానిటర్ మీద తీసినవి.

మీ పెద్దనాన్న