టెక్ సందేహాలు: ఆంప్లిఫయర్ గుయ్యిమంటే వాల్వులు మార్చాలా?

ప్రశ్న: మా పెదనాన్నగారు బరంపురంలో ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవారు. 1960ల నాటి ఆయన బ్రిటిష్ వాల్వు (గాజు గొట్టాలతో పనిచేసే పాతకాలపు) ఆంప్లిఫయర్ పర్లాకిమిడిలో మా ఇంటి అటక మీద ఉంది. 2018లో తిత్లీ తుపానుకు పెంకులు ఎగిరిపోయి, పెట్టె బాగా తడిసింది. మొన్న దించి ప్లగ్గు పెడితే వాల్వులు వెలిగాయి గాని, గిటారు కలపకుండానే గుయ్యిమని ఒకటే మోత వచ్చింది. భయపడి ఆపేశాను. లోపల ఈసీసీ83 వాల్వులు, ఈఎల్84 వాల్వులు రెండు, ఈజెడ్81 ఒకటి ఉన్నాయి. అన్నీ కొత్తవి వేయిస్తే సరిపోతుందా?

జవాబు: వెంటనే ఆపేసి మంచి పని చేశారు. నేను చెప్పే పరీక్షలు పూర్తయ్యేదాకా మళ్ళీ ప్లగ్గు పెట్టకండి. వాల్వుల కోసం డబ్బు కూడా అప్పుడే ఖర్చు చేయకండి. ఇలాంటి మోతే వస్తున్న ఒక ఆంప్లిఫయర్‌కు నేను కూడా ఒకప్పుడు నాలుగు కొత్త వాల్వులు కొని వేశాను. మోత ఇసుమంతైనా తగ్గలేదు. చివరకు దోషం తేలింది అడుగున ఉన్న ఒక అల్యూమినియం డబ్బాలో. దాన్ని ఫిల్టర్ కెపాసిటర్ అంటారు. పాత రేడియో మెకానిక్కులైతే కండెన్సర్ అంటేనే పలుకుతారు.

మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టుల ఏసీ, సెకనుకు 50 ఆవృత్తులు. ఈజెడ్81 వాల్వు దానిని ఒకే దిశలో ప్రవహించేలా (డీసీగా) మార్చినప్పుడు ఒక్కో ఆవృత్తిలోని రెండు అర్ధభాగాలూ వాడుకలోకి వస్తాయి కనుక, ఆ ప్రవాహంలోని ఎత్తుపల్లాలు సెకనుకు 100 (అంటే 100 హెర్ట్‌జ్) అవుతాయి. వాటిని చదును చేయడమే ఫిల్టర్ కెపాసిటర్ పని. లోపలి రసాయనం ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోతే ఆ ఎత్తుపల్లాలు అలాగే స్పీకరు దాకా వెళ్ళి మోతగా వినిపిస్తాయి. కాబట్టి మోత 100 హెర్ట్‌జ్ దగ్గర ఉంటే మొదటి అనుమానం కెపాసిటర్ మీద, 50 దగ్గర ఉంటే ఎర్తింగ్ మీదా వాల్వులను వేడిచేసే హీటరు తీగల మీదా పెట్టుకోవాలి. ఈ తేడా చెవితో పట్టడం అలవాటు లేనివారికి కష్టమే గాని, ఫోనులో ఉచితంగా దొరికే స్పెక్ట్రమ్ అనలైజర్ ఆప్ ఒకటి తెరిచి స్పీకరు ముందు పెడితే ఏ అంకె మీద గీత ఎత్తుగా లేచిందో కనబడుతుంది. వాల్యూమ్ సున్నాకు తిప్పినా మోత తగ్గకపోతే దోషం వాల్యూమ్‌కు ముందున్న దశల్లో (సంకేతాన్ని మెట్టుమెట్టుగా పెంచే భాగాల్లో) లేదని కూడా తెలుస్తుంది. అయితే ఈ రెండు పరీక్షలూ కరెంటు ఇచ్చాక చేయవలసినవి. మీ పెట్టె తడిసింది కనుక ముందు దాని సంగతి చూడాలి.

తేమ వల్ల ఎక్కువగా దెబ్బతినేవి ట్రాన్స్‌ఫార్మర్లు. చుట్ల మధ్య కాగితం పొరలు ఉంటాయి. అవి ఒకసారి నీరు పీలిస్తే పైకి పొడిగా కనిపించినా లోపల తడి చాలాకాలం నిలుస్తుంది. పెట్టెను రెండు మూడు వారాలు గాలి ఆడే వెచ్చని గదిలో ఉంచండి. మండుటెండలో పెట్టకండి, చుట్ల మీది మైనం కరుగుతుంది. తరువాత మోటార్లు రీవైండింగ్ చేసే దుకాణానికి తీసుకువెళ్ళండి. పంపుసెట్ల పుణ్యమా అని అలాంటి దుకాణం లేని ఊరు మన వైపు తక్కువ. వారి దగ్గర మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) ఉంటుంది. వాల్వులన్నీ తీసివేసి, ట్రాన్స్‌ఫార్మర్ తీగలను విడదీసి, చుట్టుకూ ఇనుప కోరుకూ మధ్య 500 వోల్టుల మీద కొలవమనండి. పదుల మెగాఓమ్‌లు చూపిస్తే ధైర్యం చేయవచ్చు. ఒకటి రెండు దగ్గర ఆగితే ఇంకా ఆరబెట్టాలి. ఒకవేళ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పోయినా స్టెబిలైజర్లు చుట్టేవారు కొత్తది చుట్టగలరు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం అలా కాదు, అందులో చుట్లు ఒకదానిలో ఒకటి పొరలుగా అల్లి ఉంటాయి కనుక దాన్ని మోటారు చుట్టే చేతికి అప్పగించవద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్లగ్గు పీకేసినంత మాత్రాన ఈ యంత్రం నిద్రపోదు. మీ దానిలాంటి ఆంప్లిఫయర్‌లో 300 వోల్టులకు పైగా విద్యుత్తు కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. అది ప్రాణం మీదికి తెచ్చే మోతాదు. చాసిస్ (భాగాలన్నీ బిగించిన లోహపు చట్రం) విప్పగానే మల్టీమీటరును డీసీ 1000 వోల్టుల మీద పెట్టి కొలవండి. పది వోల్టులకు మించి ఉంటే, ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో 10 కిలోఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌ను కెపాసిటర్ ప్లస్‌కూ చాసిస్‌కూ మధ్య పది సెకన్లు పట్టి, మళ్ళీ కొలవండి. స్క్రూడ్రైవర్‌తో చటుక్కున షార్ట్ చేసే మెకానిక్కులను చూసి ఉంటారు. ఆ మెరుపులో కెపాసిటరూ పాడవుతుంది, పక్కనున్నవారి గుండే ఆగినంత పనవుతుంది. ఇంతవరకు చదివి చేతులు వణికితే సిగ్గుపడనక్కరలేదు, వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఎవరైనా ఊళ్ళో ఉంటే ఈ పని ఆయన చేతుల్లో పెట్టండి.

కెపాసిటర్‌ను తలకిందులుగా పట్టుకుని చూడండి. అడుగున నల్లటి రబ్బరు చుట్టూ తెల్లటి పొడి పేరుకున్నా, గోధుమరంగు జిగురు కారి గట్టిపడినా, పై మూత ఉబ్బినా దాని ఆయుష్షు తీరిందని అర్థం. ఏ లక్షణమూ కనబడకపోయినా యాభై ఏళ్ళు దాటినదాన్ని నేను మార్చేస్తాను. అసలుది 16 మైక్రోఫారడ్‌లయితే ఇప్పుడు సులువుగా దొరికే 22, 450 వోల్టులది వేయవచ్చు. పెద్దది వేస్తే మోత ఇంకా తగ్గుతుందన్న ఆశతో 100 వేయకండి. ఈజెడ్81 పక్కనే ఉండే మొదటి కెపాసిటర్ 50 మైక్రోఫారడ్‌లు దాటకూడదు. దాటితే స్విచ్ వేసిన ప్రతిసారీ ఆ వాల్వు మీద మోయలేని భారం పడుతుంది. కొత్తది బిగించేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారైతే అది పేలుతుంది.

మార్చిన తరువాత కూడా నేరుగా ప్లగ్గు పెట్టవద్దు. మెకానిక్కులు వాడే సిరీస్ బోర్డు చేయించుకోండి: ఒక బల్బు హోల్డరూ ఒక సాకెట్టూ వరుసగా కలిపిన చెక్క, అంతే. అందులో 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు ఉండాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. స్పీకరు తప్పనిసరిగా కలిపి ఉంచండి, ఎందుకంటే స్పీకరు లేకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిది. భగ్గున వెలిగి అలాగే ఉంటే లోపల ఎక్కడో షార్ట్ ఉంది.

అంతా సవ్యంగా ఉన్నాక, మూడు పిన్నుల ప్లగ్గు ఉందో లేదో, ఇంట్లో ఎర్తింగ్ పనిచేస్తోందో లేదో చూడండి. మోత తగ్గుతుందని మూడో పిన్ను పీకేసి వాడడం వేదికల మీద పాత అలవాటు. గిటారు తీగలు కేబుల్ గుండా చాసిస్‌కే కలిసి ఉంటాయి. చాసిస్‌కు కరెంటు చేరితే, గిటారు పట్టుకుని పెదవులతో మైకు తాకిన గాయకుడి గతేమిటో ఊహించుకోవచ్చు.

ప్రశ్న: వాల్వు పోయిందని ఎలా తెలుసుకోవాలి? కొత్తవి ఎక్కడివి కొనాలి? (బరంపురం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వాల్వు గాజు లోపల, సాధారణంగా పైభాగాన, అద్దంలా మెరిసే వెండి మచ్చ ఉంటుంది. అది పాలలా తెల్లబడితే లోపలికి గాలి చొరబడింది; దాన్ని పారేయండి. గిటారు సంకేతాన్ని మొదట పెంచే ఈసీసీ83ను పెన్సిలు వెనుక భాగంతో మెల్లగా తట్టినప్పుడు స్పీకరులో గంట మోగినట్టు ఖంగుమంటే అది మైక్రోఫోన్‌లా మారి, తనకు తగిలే కుదుపులను కూడా శబ్దంగా పంపుతోందన్నమాట. స్పీకరును నడిపే ఈఎల్84లను గదిలో దీపం ఆర్పి చూడండి: మధ్యలో నారింజ రంగు వెలుగు మామూలే గాని, దాని చుట్టూ ఉన్న బూడిదరంగు రేకు ఎర్రగా కాలుతుంటే వెంటనే ఆపేయండి. అప్పుడు కొత్త వాల్వు వేసినా అదే గతి పట్టవచ్చు, ఎందుకంటే అనేకసార్లు దోషం వాల్వుది కాదు, ముందు దశ నుంచి డీసీని కారనిస్తున్న చిన్న కప్లింగ్ కెపాసిటర్‌ది. రూపాయల్లో దొరికే వస్తువు వేల రూపాయల వాల్వును తినేస్తుంది.

కొత్తవి ఇప్పుడు ప్రధానంగా స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి వస్తున్నాయి. ఈఎల్84లను ఒకేలా పనిచేసే జతగా కొలిచి అమ్మేవారి దగ్గర కొనండి. పాత రేడియో దుకాణాల అల్మరాల్లో బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన వాల్వులు ఎప్పుడైనా కంటపడితే వదులుకోకండి. ఆ సంస్థ వాల్వులు వాడినవారు వాటిని ఇప్పటికీ మెచ్చుకుంటారు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అన్నయ్య 120 వోల్టుల వాల్వు ఆంప్లిఫయర్ పంపాడు. రాయగడలో వాడవచ్చా? (రాయగడ)

జవాబు: నేరుగా వాడకూడదు. 230ని 110కి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. ఆంప్లిఫయర్ వెనుక రాసి ఉన్న వాట్లకు కనీసం రెట్టింపు సామర్థ్యం ఉండాలి, అందులోనూ ఐసొలేషన్ రకమే అడగండి, ఎందుకంటే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుందే గాని ఇంటి లైను నుంచి మిమ్మల్ని వేరు చేయదు. అక్కడి 60 హెర్ట్‌జ్‌కు తయారైన కోరు ఇక్కడి 50 మీద కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది కనుక 120 కంటే 110 ఇవ్వడమే మేలు. గంటసేపు వాయించాక ట్రాన్స్‌ఫార్మర్ మీద చేయి ఉంచలేనంత వేడి ఉంటే నాకు మళ్ళీ రాయండి.