సినిమా కారు లెగో సెట్ కొనొచ్చా? కొనండి, బంధువుల కంట పడనీయకండి

‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’లో హీరో డామ్ నడిపే నల్ల కారు ఉంది కదా, దాని చిన్న లెగో సెట్ (ప్లాస్టిక్ ముక్కలు ఒకదానికొకటి నొక్కి కట్టుకునే బొమ్మ) పెట్టిన డబ్బుకు తగ్గట్టు ఉంటుందా, షోకేసులో పెట్టుకోవడానికి బాగుంటుందా అని అడిగారు.

కొనండి. షోకేసు కోసమైతే మాత్రం వద్దు. అందులోనూ మీ ఇల్లు తిరుపతిలో ఉంటే అసలే వద్దు.

నా దగ్గరున్నది లెగో వాళ్ల చిన్న కార్ల వరుస స్పీడ్ ఛాంపియన్స్‌లో 2022లో వచ్చిన సెట్. 1970 డాడ్జ్ ఛార్జర్, 345 ముక్కలు. ఇదే కారు పెద్ద సైజులో, లెగో వాళ్లదే టెక్నిక్ అనే వరుసలో 1,077 ముక్కలతో 2020లోనే వచ్చింది గానీ, దాని ధర చూసి నోరు మూసుకున్నాను. చిన్నదానికి నాకు 2,400 అయింది. ముక్కకు దాదాపు 7 రూపాయలు. పెట్టె విప్పుతుంటే మా అమ్మ ఇంకో లెక్క వేసింది: “48 లడ్డూలు వచ్చుండేవి కదరా!” మా ఇంట్లో ఫ్రిజ్ కొన్నా చెప్పులు కొన్నా లడ్డూల్లోనే లెక్క.

ఫారిన్ వీడియోల్లో దీన్ని చవక సెట్ అంటారు. అక్కడ చవకే కావచ్చు. మన దేశంలో దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. కాబట్టి చవక అన్న మాట నమ్మి వెళ్తే గుండె జారుతుంది.

కట్టడానికి రెండు గంటలు పట్టింది. బానెట్‌లోంచి పైకి పొడుచుకొచ్చే ఇంజిన్ ఉందే, సెట్ మొత్తానికీ ప్రాణం అదే. 2020 నుంచి ఈ వరుస కార్ల వెడల్పును, ముక్కల మీదుండే బుడిపెల లెక్కలో, 6 నుంచి 8కి పెంచారు కాబట్టి చూడ్డానికి నిజం కారులా ఉంది. పాతవి నా కంటికి సబ్బుపెట్టెల్లా ఉండేవి. ముందు చక్రాలు దొర్లుతాయి కానీ పక్కకు తిరగవు. నాకదేం పెద్ద లోటనిపించలేదు. స్టిక్కర్లు మాత్రం వేరే కథ. తిరుపతిలో ఏప్రిల్ నెల. ఫ్యాన్ వేస్తే స్టిక్కర్ ఎగిరిపోతుంది, ఆపితే ముక్కు మీది చెమట చుక్క దాని మీదే పడుతుంది. ఒకటి వంకరగా అతికించాను. ఇప్పటికీ కారు చూస్తే ముందు నా కన్ను అక్కడికే పోతుంది. చివర్లో గోరంత ముక్కలు నాలుగు మిగిలాయి. చిన్నవాటిని వాళ్లే ఒకటి రెండు ఎక్కువ వేస్తారని ఎంత చెప్పినా అమ్మ వినదు. “యాడో తప్పు కట్టుంటావు, చూసుకో.”

ఇక అసలు విషయం. తిరుపతిలో సొంతిల్లు ఉందంటే సత్రం నడుపుతున్నట్టే. సామాన్లు మనింట్లో, స్నానాలు మనింట్లో, అలిపిరి దాకా దింపడానికి బండి మనది. పైగా ఊళ్లో ఉన్నాం కాబట్టి దేవస్థానంలో ఎవరో ఒకరు మనకు తెలిసే ఉంటారని అందరికీ గట్టి నమ్మకం. నాకు తెలిసింది లడ్డూ కౌంటర్ క్యూ ఒక్కటే.

కదిరి నుంచి మా అక్కా బావా వచ్చారు. ఏడేళ్ల కొడుకు. కొండ దిగి వచ్చేసరికి గుండు, దాని మీద ఎండిపోయి పెచ్చులు రాలుతున్న చందనం. నేరుగా టీవీ స్టాండు దగ్గరికి వెళ్లి, కారు పైకప్పు ఊడదీసి, లోపలున్న డామ్ బొమ్మను బయటికి తీశాడు. డామ్‌కూ గుండే కదా. వాడు తన తల తడుముకుని, “మామా, ఈయన కూడా కొండకు పోయొచ్చినాడా?” అన్నాడు.

నవ్వాపుకునే లోపు కారు వరండాలోకి దూసుకుపోయింది. మూడు మెట్లు. కింద బండలు. చప్పుడు విని బావ చెయ్యి ఎత్తాడు, పిల్లోడు బేర్‌మన్నాడు. నాకూ ఒళ్లు మండింది, అబద్ధమెందుకు. కానీ సినిమాలోనూ ఆ కారు చివర్లో లారీని గుద్ది పల్టీ కొడుతుంది. వీడు తప్పేం చేశాడు?

అమ్మ బియ్యం చాట తెచ్చిచ్చింది. ముక్కలన్నీ అందులో పోసి ఇద్దరం కూర్చున్నాం. పెట్టె మీద 8 ఏళ్లు దాటినవాళ్లకి అని ఉంది. వీడికి ఏడు. అయినా ఎలా కట్టాలో చూపించే పుస్తకంలో ఉండేవి బొమ్మలే కాబట్టి వాడికి చదువుతో పని పడలేదు. చాటలోంచి ముక్కలు ఏరి నాకంటే ముందే అందించాడు. నేను మొదటిసారి తిరగేసి పెట్టిన ముక్కను కూడా పట్టుకున్నాడు: “ఇది అట్ల కాదు మామా, ఇట్ల.” రాత్రి పదకొండయింది. ఒక్క ముక్కా పగల్లేదు. అన్నీ మళ్లీ టక్కుమని పట్టుకున్నాయి. 1958 నాటి ముక్క కూడా ఇప్పటి ముక్కకు అతుకుతుందంటే ఊరికే కాదు. ఇంతకుముందు 600కి ఒక నకిలీ లెగో బైకు కొన్నాను. కట్టిన రోజే హ్యాండిల్ చేతికొచ్చింది. కొత్తలో మూడు నెలలు స్టాండు మీద ఉన్నప్పుడు ఈ కారు చేసిన పని దుమ్ము పట్టడం. నలుపు కదా, వేలిముద్రతో సహా కనిపిస్తుంది. ఊడి ముక్కలైన ఆ రాత్రే నా 2,400 గిట్టుబాటయ్యాయి.

తెల్లారి వాళ్లు బస్సెక్కాక చూస్తే కారులో డ్రైవర్ లేడు. మంచం కింద టార్చి వేశాను, చీపురు చెత్త వెతికాను. రెండు నెలల తర్వాత అక్క ఫోన్ చేసింది, 300 రూపాయల దర్శనం టికెట్లు దొరికాయట, ఈసారి ఆరుగురు వస్తారట. మధ్యలో పిల్లోడు ఫోన్ లాక్కున్నాడు.

“మామా, గుండాయన నా కాడే ఉండాడు. నాకు జుట్టొచ్చేసింది, ఆయనకింకా రాలే.”