టెక్ సందేహాలు: ఇంజన్‌లోకి దూరే దొంగగాలిని పొగతో పట్టడం

ప్రశ్న: నాది పదేళ్ల పెట్రోలు కారు. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) రేసు 800 నుంచి 1,200 ఆర్‌పీఎమ్‌కు దానంతటదే పెరిగి మళ్లీ పడుతోంది. ప్లగ్గులు మార్పించా, థ్రాటిల్ బాడీ కడిగించా, ఫరక్ లేదు. ఎక్కడో గాలి లీకవుతోందని మెకానిక్ అంటున్నాడు. పొగ టెస్టర్ ఇంట్లో చేసుకోవచ్చా? (హనుమకొండ పాఠకుడు)

జవాబు: చేసుకోవచ్చు. ఆపి ఉన్న ఇంజన్ గాలి దారిలోకి పొగ నెడితే, లీకున్న చోట అది బయటికొచ్చి కనిపిస్తుంది. నూనెను పొగ చేసే తీగ, ఆ పొగను నెట్టే పంపు, ఒత్తిడిని అదుపులో ఉంచే ఏర్పాటు ఉంటే సరిపోతుంది. చాలామంది ఆ మూడోదాన్నే వదిలేస్తారు. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి నేరుగా ఇస్తే బాగున్న సీళ్లూ ఊడతాయి. ఇన్‌టేక్‌కు (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారికి) 1 పీఎస్ఐ ఒత్తిడి చాలు.

మూత గట్టిగా పట్టే లీటరు స్టీలు డబ్బా తీసుకోండి. మూతకు నాలుగు రంధ్రాలు వేయించండి. రెండు ఇత్తడి బోల్టులు కరెంటుకు, రెండు నిపిల్స్ గాలి రాకపోకలకు. బోల్టులకు ఫైబర్ వాషర్లు, స్లీవ్ తప్పనిసరి, రేకుకు తగిలితే షార్టే. హీటర్ కాయిల్ తీగను మల్టీమీటర్‌లో 2.5 ఓమ్‌లు చూపేంత ముక్క కోయండి. మోటర్ వైండింగ్ షాపులో గ్లాస్ ఫైబర్ స్లీవ్ దొరుకుతుంది (బోరు మోటర్లు కాలే మన దగ్గర ఆ షాపులకేం కొదవ!). దాని మీద చుట్లు ఒకదానికొకటి తగలకుండా తీగ చుట్టండి. స్లీవ్ కొన నూనెలో మునగాలి, తీగ మాత్రం నూనెకు పైనుండాలి. కారు బ్యాటరీ నుంచి 5 ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి 10 ఆంపియర్ల ఫ్యూజు వేయండి.

నూనె 50 మి.లీ. బేబీ ఆయిల్, లేదా మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్. కిరోసిన్, వాడిన ఇంజన్ ఆయిల్ వద్దు. ముందు పంపు, తర్వాత తీగ ఆన్ చేయాలి, అదీ 20-30 సెకన్ల చొప్పున. వత్తిలా నూనె పీల్చే ఆ స్లీవ్ ఎండితే తీగ ఎర్రబడి డబ్బాలోనే మంట లేస్తుంది.

గాలికి చేపల తొట్టి పంపు చాలు. పంపుకీ డబ్బాకీ మధ్య మూడు దారుల ‘టీ’ జాయింటు పెట్టి, ఒక కొమ్మకు సన్నని పైపు తగిలించి, నిలువుగా నిలబెట్టిన పీవీసీ గొట్టంలోని నీళ్లలో 70 సెం.మీ. లోతుకు దించండి. 70 సెం.మీ. నీళ్లంటే దాదాపు 1 పీఎస్ఐ. అంతకు మించిన గాలి బుడగలై పోతుంది. కారుకు తగిలించే ముందు డబ్బా బయటి నిపిల్‌ను వేలితో మూయండి. బుడగలు రాకపోతే మీ పంపుకు అంత బలం లేదు, పైపును 50 సెం.మీ.కు ఎత్తండి.

ఇంజన్ చల్లారాక, ఇగ్నిషన్ ఆఫ్ చేసి మొదలుపెట్టండి. ఎల్పీజీ, సీఎన్జీ కిట్ ఉంటే సిలిండర్ వాల్వ్ కట్టేయండి. ఎయిర్ ఫిల్టర్ ముందరి గాలి దారికి పాలిథిన్ వేసి రబ్బరు బ్యాండు బిగించండి. బ్రేక్ బూస్టర్ (బ్రేకు తొక్కుడుకు బలమిచ్చే గుండ్రటి డబ్బా) దగ్గర ఊడదీసిన గొట్టంలోకి పొగ ఇవ్వండి. అందులోని చెక్ వాల్వ్ గాలిని మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) వైపే పోనిస్తుంది. బూస్టర్ దగ్గరి అతుకును మాత్రం వేరుగా చూడాలి. పెట్రోలు ట్యాంకు వైపు పైపుల్లోకి పొగ పంపొద్దు.

ఫ్యాను ఆపి, మూడు నుంచి ఐదు నిమిషాలు పొగ నిండనివ్వండి. టార్చిని పక్క నుంచి వేస్తే సన్నని పాయ కూడా కనిపిస్తుంది. మొదట ఫిల్టర్ నుంచి థ్రాటిల్ దాకా ఉన్న రబ్బరు గొట్టం మడతలు, పీసీవీ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌కు తెచ్చేది) వంపు అడుగుభాగం, మానిఫోల్డ్ గాస్కెట్, ఇంజెక్టర్ ఓ-రింగులు చూడండి. మన ఎండలకు రబ్బరు బీటలు వారుతుంది, పొలాల పక్క నిలిపే బండిలో ఎలుకలు కొరుకుతాయి. సైలెన్సర్ నుంచి పొగ వస్తే కంగారొద్దు: ఏదో సిలిండర్‌లో రెండు వాల్వులూ కాస్త తెరుచుకుని ఆగి ఉంటాయి. టాప్ గేరులో పెట్టి బండిని జానెడు నెట్టి మళ్లీ చూడండి.

ప్రశ్న: స్కానర్‌లో పి0171 అనే లోపం కోడ్ వచ్చింది. ఆక్సిజన్ సెన్సర్ మార్చాలా? (కరీంనగర్ పాఠకుడు)

జవాబు: తొందరపడొద్దు. మిశ్రమంలో పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైందని ఆ కోడ్ అర్థం, ఆ కబురు చెప్పేదే సెన్సర్. ఫ్యూయల్ ట్రిమ్ (కారు కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచిందో, తగ్గించిందో చూపే అంకె) ఐడిల్‌లో ప్లస్ 15 శాతం దాటి, 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర సున్నా వైపు వస్తే గాలి లీకుని అనుమానించండి. రెండు చోట్లా ఎక్కువే ఉంటే ఫ్యూయల్ పంపు, ఫిల్టర్ చూపించండి. లోపలికొచ్చే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ లేకుండా, మానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ మాత్రమే ఉన్న కార్లలో మాత్రం లీకున్నా ట్రిమ్ మామూలుగానే ఉండి, ఐడిల్ రేసు మాత్రమే పెరగొచ్చు.