వాగ్దానం ఉండగా ప్రణాళిక ఎందుకు?

ప్రశ్న: డీఎడ్ పూర్తిచేసి డీఎస్సీకి చదువుతున్నాను. రెండు సంవత్సరాలలో ఏ సబ్జెక్టు ఎప్పటికి ముగించాలో, ట్యూషన్ల డబ్బులో నెలకు ఎంత దాచాలో ఒక కాగితం మీద వ్రాసి గోడకు అంటించుకొన్నాను. మా ఇంట్లో ప్రార్థన కూడికకు వచ్చిన సంఘపెద్ద ఒకరు దానిని చూసి, "రేపటినిగూర్చి చింతింపకుడని ప్రభువు చెప్పలేదా అమ్మా? కొత్త సంవత్సరానికి నీకు వచ్చిన వాగ్దానం చాలదా?" అన్నారు. జనవరి ఒకటిన తీసుకొన్న వాగ్దాన కార్డు మీద నాకు వచ్చిన వచనం యిర్మీయా 29:11. ప్రణాళిక వేసుకోవడం అవిశ్వాసమవుతుందా?
– ఒక సహోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: కాదు సహోదరీ. అందుకు రుజువు మీ వాగ్దానం ఉన్న అధ్యాయంలోనే ఉంది. కార్డు మీద ఆ వచనం ఒంటరిగా కనిపిస్తుంది గాని, బైబిలులో అది ఒక ఉత్తరం నడుమ ఉంది. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుండి బబులోనుకు చెరపట్టుకొనిపోయిన వారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరమది. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండు సంవత్సరాలలోనే దేవుడు చెరలోని వారిని, మందిరపు ఉపకరణాలను తిరిగి రప్పిస్తాడని అందరి యెదుట ప్రకటించాడు. వినేవారికి అదే గొప్ప విశ్వాసంగా తోచి ఉంటుంది. యిర్మీయా మాత్రం డెబ్బది సంవత్సరాలు పడుతుందని, అంతవరకు ఇండ్లు కట్టుకొని, తోటలు నాటి, కుమారులకు, కుమార్తెలకు పెండ్లిండ్లు చేసి, తామున్న పట్టణపు క్షేమం కోసం ప్రార్థన చేయాలని వ్రాశాడు. "నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" అన్న మీ వాగ్దాన వచనం ఆ తరువాత వచ్చింది. అంటే అది ఒక తరానికి మించిన ప్రణాళిక చేతికిచ్చి, దాని వెనుక తానున్నానని దేవుడు చెప్పిన మాట. జనవరి ఒకటిన వాగ్దాన కార్డు తీసుకొని బైబిలులో దాచుకొనే మనలో, ఆ అధ్యాయం మొదటి నుండి చదివేవారు ఎందరో నాకు సందేహమే.

మత్తయి 6లో ప్రభువు వద్దన్నది ఏమి తిందుము, ఏమి ధరించుకొందుమని లోలోపల నలిగిపోవడాన్ని. ఆయనే లూకా 14:28లో, గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనడా అని అడిగాడు. మీరు చేసినది ఆ లెక్కే.

అయితే యాకోబు 4:13-16ను కూడా చదవండి. ఫలానా పట్టణానికి వెళ్లి, ఒక సంవత్సరముండి, లాభం సంపాదిస్తామన్న వర్తకులను ఆయన మందలించాడు; కాని ప్రయాణం మానుకోమనలేదు, తప్పుపట్టినది వారి అతిశయాన్ని. ఈ పరీక్షకు మీ కాగితాన్ని నిలబెట్టండి. రోజుకు ఎన్ని గంటలు చదవాలన్నది మీ చేతిలో ఉంది. నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుంది, మీ జిల్లాకు ఎన్ని పోస్టులు వస్తాయి అన్నవి మీ చేతిలో లేవు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తరువాత మెగా డీఎస్సీ 2025లో గాని జరగలేదు. ఆ మధ్యకాలంలో "ఈ ఏడు తప్పక ఉద్యోగం" అని గోడమీద వ్రాసుకొన్నవారు ఎంత కుమిలిపోయారో ఊహించుకోవచ్చు. కాబట్టి ఉద్యోగం వచ్చే తేదీ కూడా వ్రాసి ఉంటే కొట్టివేయండి, చదివే తేదీలను ఉంచండి.

పౌలు రోమా సంఘానికి తన ప్రణాళికను విప్పి చెప్పాడు (15:24-28): మొదట యెరూషలేముకు చందా చేర్చి, రోమా మీదుగా స్పెయినుకు వెళ్లాలని. యెరూషలేములో ఆయనను బంధించారు. చివరికి రోమాకు ఖైదీగా చేరి, అద్దె ఇంట్లో రెండు సంవత్సరాలుండి, తన యొద్దకు వచ్చిన వారందరికీ సువార్త ప్రకటించాడు. ప్రణాళిక తారుమారైనా ఆయన పని ఆగలేదు. మీరు కూడా, రెండు సంవత్సరాలలోపు నోటిఫికేషన్ రాకపోతే ఏమి చేయాలో ఇప్పుడే ఇంట్లోవారితో మాట్లాడుకోండి. ప్రైవేటు పాఠశాలలో పాఠం చెబుతూ చదవవచ్చు. దాచిన డబ్బులో కొంత పై చదువు ఫీజుకని వేరుగా ఉంచవచ్చు. ఆదివారపు ఆరాధన వేళను మాత్రం ఆ కాగితంలోని ఏ సబ్జెక్టుకూ ఇవ్వకండి.